ఉత్తరం రాని క్రిస్మస్

క్రిస్మస్‌లోపు పెర్సిస్ చేయవలసిన పనులు ఇవి. తాడేపల్లిగూడెంలో అద్దెకు తీసుకున్న గదికి తెర కట్టుకోవాలి. గ్యాసు కనెక్షన్ ఈ ఊరికి మార్పించుకోవాలి. ఆధార్‌లో భర్త పేరు తీయించి నాన్న పేరు వేయించుకోవాలి. స్కూల్లో పిల్లల పరీక్ష పేపర్లు దిద్దాలి. ఇంతకాలం ఉన్న మండవల్లి చర్చి సంఘం నుంచి ఉత్తరం తెచ్చుకోవాలి.

నాలుగూ అయ్యాయి. అయిదోదే కాలేదు.

ఈమె మా సభ్యురాలేనని పాత సంఘం రాసిచ్చే ఆ ఉత్తరం లేనిదే కొత్త సంఘంలో ప్రభువు బల్ల, అంటే ఆ రొట్టె, ద్రాక్షారసం, ఇవ్వరు. పద్నాలుగో ఏట మొదటిసారి రొట్టె అందుకున్న దగ్గర్నుంచి ఏ క్రిస్మస్‌కీ ఆమె తప్పలేదు. భర్త మధుబాబుతో కాపురం చెడిన మూడేళ్లలోనూ తప్పలేదు. తనకంటూ మిగిలింది అదొక్కటే అనుకుంది. మండవల్లి పాస్టరుగారు మధుబాబుకి స్వయానా మేనమామ. ఫోన్ చేస్తే, "విడాకులిచ్చింది కోర్టమ్మా, సంఘం కాదు. వచ్చి వాడితో రాజీపడు, అప్పుడు రాస్తాను" అన్నారు.

గూడెం చర్చిలో కృపానందం అయ్యగారు మెత్తని మనిషే. "నాకు ఇవ్వాలనే ఉందండీ. కమిటీ ఒప్పుకోలేదు" అని తల దించుకున్నారు.

క్రిస్మస్ ఉదయం ఆమె ఆడవాళ్ల వైపు వెనక బెంచీలో కూర్చుంది. పక్కన వాళ్ల వీధి కనకమ్మ. ఉల్లిపాయల మార్కెట్లో పాయలు ఏరే మనిషి. డెబ్బై దాటాయి.

"నా పక్కన కూర్చుంటే ఏడవకపోయినా కళ్లనీళ్లొస్తాయి టీచరమ్మా, ముందే చెబుతున్నా" అంది. పెర్సిస్ నవ్వింది.

బల్ల మొదలైంది. వరసలవారీగా లేచి వెళ్లి మోకరిస్తున్నారు. వీళ్ల వరస వచ్చేసరికి పెర్సిస్ కాళ్లు పక్కకు జరిపి దారిచ్చింది.

"లేవమ్మా" అంది కనకమ్మ.

"నాకు ఇవ్వరు మామ్మగారూ. మండవల్లి నుంచి ఉత్తరం రాలేదు."

"ఎవరు రాయాలేంటి?"

"మా ఆయన మేనమామ."

"హవ్వ! పాలకి పిల్లిని కాపలా పెట్టినట్టే ఉంది." లేచిన మనిషి కాస్తా మళ్లీ కూలబడింది.

"మీరు వెళ్లండి, వరస అయిపోతోంది."

"యాభై ఏళ్ల నుంచీ తీసుకుంటున్నా. ఒక్కసారి మానేస్తే దేవుడేం అనుకోడులే. నువ్వొక్కదానివే కూర్చుంటే అందరి కళ్లూ నీ మీదే. ఇద్దరం కూర్చుంటే, ముసల్దానికి మోకాళ్ల నొప్పులు, ఆ పిల్ల తోడుంది అనుకుంటారు."

అలాగే అనుకున్నారు. బయటికొచ్చాక ఒకరిద్దరు పెర్సిస్‌ని మెచ్చుకున్నారు కూడా. ఆమె గదికెళ్లి తలుపేసుకుని ఏడ్చింది.

జనవరి మొదటి ఆదివారం బల్లకి కనకమ్మ లేదు. రెండు రోజుల ముందే పక్షవాతం వచ్చి ఏలూరు ఆసుపత్రిలో పడింది. ఆరాధన కాగానే అయ్యగారు రొట్టె, ద్రాక్షారసం పట్టుకుని అక్కడికే వెళ్లారు. పెర్సిస్ మంచం పక్కన నిలబడి ఆమె తల ఎత్తి పట్టుకుంది. పెదవులు కదిలాయి గాని మింగుడు పడలేదు. బుధవారం నాడు కనకమ్మ పోయింది.

ఉత్తరం ఇంకా రాలేదు. బల్ల వేళ పెర్సిస్ వెనక బెంచీలో ఒక్కతే కూర్చుంటోంది. ఎందుకో ఇప్పుడు అందరికీ తెలుసు.

మీరు ఏ సంఘంవారైనా సరే, ఏ దేవుడి ప్రసాదం అందుకునేవారైనా సరే, చెయ్యి చాచే ముందు గూడెం మార్కెట్లో ఉల్లిపాయలు ఏరిన కనకమ్మని ఒక్కసారి తలుచుకోండి.