పదకొండు బస్తాలు

“చారులో ఉప్పు మరిచావు. పోనీలే, పట్టీలో సున్న మాత్రం మరవకు” అన్నాడు సర్వేశ్వరరావు, విస్తరి ముందునుంచి లేస్తూ.

అచ్చియమ్మ తలూపింది. అరకు లోయకి కాపురానికొచ్చిన ఈ మూడేళ్లలో ఆవిడ పనులు రెండయ్యాయి. ఒకటి అందరికీ కనిపించే వంట. రెండోది తలుపు దగ్గరగా వేసుకుని చేసే లెక్క. బడిపంతులైన తండ్రి దగ్గర భిన్నాలూ సగటులూ నేర్చుకుంది. మొగుడు సర్వేశ్వరరావు కచేరీలో గుమాస్తా. సగటు కట్టమంటే అతనికి చెమటలు పడతాయి. ఇంటికి వచ్చినవాళ్లతో మాత్రం “మా ఆవిడకి పాల చెంబులు లెక్కపెట్టడం రాదండీ” అని నవ్వేవాడు. అది విని వంటింట్లో ఆవిడా నవ్వేది.

పంతొమ్మిది వందల ఇరవై ఏడు వేసవిలో పెద్ద పని వచ్చింది. పన్నెండు ఊళ్లలో ఇంటికెంత గింజ పండుతుందో పట్టీ కట్టాలి. ఏడాదికి ఇంటికి తొమ్మిది బస్తాలు దాటిన ఊరికి కొండపోడు అక్కర్లేదని, ఆ కొండ మూసేసి అడవిలో కలపాలని పైవాళ్ల ఆలోచన. లోయలోని తొమ్మిది ఊళ్ల కాగితాలు వచ్చాయి. పైనున్న మూడు ఊళ్లకి వెళ్లాల్సిన మనిషి చలిజ్వరంతో మధ్యలోనే తిరిగొచ్చేశాడు.

“ఆ తొమ్మిది ఊళ్ల సగటు కట్టి ఈ మూడింటికీ వేసెయ్. ఎవడు చూడొచ్చాడు?” అన్నాడు సర్వేశ్వరరావు.

ఆవిడ కలం ఆగింది. లోయలోవి వరిమళ్లు, పైవి రాళ్లనేల. ఆ మూడు ఊళ్లలో ఒకదాన్నుంచే వారం వారం విస్తళ్లకి అడ్డాకులు తెచ్చే సోములమ్మ పెరట్లో కూర్చుని చెప్పిన మాట ఆవిడకి గుర్తే: “సామగింజలెక్కడివమ్మా! ఎండలు ముదిరేసరికి గరిసె అడుగు కనపడతాది. ఆనక మామిడి టెంక అంబలే మాకు.” ఆ సంగతి మొగుడితో ఒకసారి అంది. “ఆకులమ్ముకునేదాని మాటా, సర్కారు పట్టీయా?” అన్నాడతను. లోపల్నుంచి అత్తగారు “కోడలా, పొయ్యి ఆరిపోతోంది” అని కేకేసింది. అప్పుడావిడ మూడు గళ్లలోనూ, లోయ సగటు ప్రకారం, పదకొండేసి బస్తాలు వేసింది. మొగుడు చెప్పాడని వేశాను, అత్తగారు పిలిచిందని తొందరపడ్డాను అని తర్వాత ఎన్నిసార్లో తనకి తాను చెప్పుకుంది గాని, అసలు సంగతి ఆవిడకి తెలుసు. ఖాళీ గళ్లతో పట్టీ బోసిగా ఉంది. నిండిన పట్టీ ఎంత అందంగా ఉందో చూసుకుని మురిసిపోయింది. ఆ మురిపెం ఎవరూ బలవంతాన పెట్టింది కాదు.

పట్టీ మీద మొగుడు సంతకం పెట్టాడు. మెప్పు కాగితం వచ్చింది, హెడ్డు గుమాస్తాగిరీ మాట కూడా వచ్చింది. “అంతా మావాడి బుర్ర” అంది అత్తగారు. ఆ రోజు అచ్చియమ్మ పాయసం చేసింది.

మరుసటి వేసవిలో సోములమ్మ ఆకుల్లేకుండా వచ్చింది.

“కొండ మూసీసినారమ్మా. పోడు కొట్టడానికెళ్తే గొడ్డళ్లు లాక్కున్నారు. ఎవులో లెక్క రాసినారంట, మా ఇంటికి పదకొండు బస్తాలంట. ఎక్కడ దాసినామమ్మా అన్ని గింజలు? మా సెల్లీ, దాని మొగుడూ గుంటపిల్లల్ని తీసుకుని అస్సాం తేయాకు తోటలకి ఎలిపోనారు.”

అచ్చియమ్మ లోపలికి వెళ్లింది. చేటెడు బియ్యం తెచ్చి సోములమ్మ కొంగులో పోసింది. పోస్తుంటే తన చేతులు చూసి తనకే అసహ్యమేసింది.

ఆ రోజే మొగుణ్ణి అడిగింది, లెక్క తప్పని పైకి రాయమని. “నా ఉద్యోగం తీయిస్తావా? అయినా ఆ అంకె వేసిన చెయ్యి ఎవరిది?” అన్నాడు. మెప్పు వచ్చినప్పుడు బుర్ర అతనిది, తప్పు వచ్చినప్పుడు చెయ్యి తనది. కోపం రావలసిన మాటే. కాని ఆ మాట నిజం కూడా కావడంతో ఆవిడకి కోపం నిలవలేదు.

మర్నాడు పొద్దున్నే అత్తగారితో “మూడు రోజుల్లో వస్తాను, అన్నం మీరు వండుకోండి” అని చెప్పి, సోములమ్మ వెనక కొండెక్కింది. కాళ్లు బొబ్బలెక్కాయి. మూడు ఊళ్లలోనూ గడప గడపకీ వెళ్లి గరిసెల్లోకి తొంగి చూసింది, అడిగింది, రాసుకుంది. మంచి ఏడాదిలో నాలుగు బస్తాలు, అయిదు. తక్కింది ఆడవాళ్లు అడవిలో తవ్వి తెచ్చే దుంపలు, ఏరి తెచ్చే టెంకలు. ఆ పనికి పట్టీలో గడే లేదు. తన వంటకి లేనట్టే అనిపించింది. అనిపించిన మరుక్షణం సిగ్గేసింది. తన వంటకి గడి లేకపోయినందుకు ఎవరూ ఊరు దాటిపోలేదు.

ఖాళీ అయిపోయిన నాలుగో ఇంటి ముందు ఇక ఆపుకోలేక “సోములమ్మా, ఆ పదకొండు రాసింది నేనే” అంది.

సోములమ్మ తిట్టలేదు. “నాను సెప్పినాను గదమ్మా నీకు” అంది. ఆ ఖాళీ ఇంటి గడప చూపించి, “మరి ఇప్పుడు సరిగ్గా రాయి. ఎలిపోయినోల్ల ఇల్లు కూడా రాయి. ఒక్కటీ ఒగ్గీకు” అంది.

ఆ నెలలోనే డిప్యూటీ కలెక్టరు గారు లోయకి వచ్చి, వాళ్లింటి వసారాలో కాసేపు కూర్చున్నారు. అచ్చియమ్మ వసారాలోకి వచ్చి కొత్త పట్టీ ఆయన ముందు పెట్టింది. “ఇదెవరు కట్టారు?” అన్నారాయన. “ఏదో ఆడవాళ్ల కాలక్షేపమండీ” అన్నాడు సర్వేశ్వరరావు. “ఇదీ నేనే కట్టానండి. ఇదివరకు పంపిన తప్పు లెక్కా నాదే” అందావిడ. అత్తగారు లోపల తల కొట్టుకుంది.

విచారించి రెండు కొండలు వదిలారు. మూడోది వదల్లేదు. అప్పటికే విత్తే అదును దాటిపోయింది. వెళ్లిన నాలుగిళ్లవాళ్లూ తిరిగి రాలేదు. హెడ్డు గుమాస్తాగిరీ వేరొకరికి పోయింది, సర్వేశ్వరరావు ఆర్నెల్లు భార్యతో మాట్లాడలేదు.

మాట్లాడవలసిన రోజు వచ్చింది. చింతపండు పంట లెక్క తెచ్చి పొయ్యిగట్టు మీద పెట్టి, “ఈ సగటు కట్టు” అన్నాడు.

అచ్చియమ్మ చేతులు తుడుచుకుంది. “కడతాను. కింద నా పేరు రాస్తాను.”

“మెప్పు కావలసొచ్చిందా?”

“కాదండీ. తప్పైతే ఎవర్ని అడగాలో ఆ ఊళ్లవాళ్లకి తెలియాలి.”