మల్లికుంట ఒడ్డున సంచులు

సదానందం వెదురుగడతో చెత్తను ఒడ్డుకు లాగుతున్నాడు. గుర్రపుడెక్క వేర్లకు చుట్టుకుని కోడి ఈకలు, పేగులు, వాడేసిన డైపర్లు, రాత్రి పెళ్లిలో పారేసిన ప్లాస్టిక్ గ్లాసులు వచ్చాయి. ఒక గ్లాసులో మిగిలిన పెరుగుచట్నీ మీద పురుగులు తిరుగుతున్నాయి. ముక్కుకు కట్టుకున్న తువ్వాలుకు కూడా ఆ వాసనే. ఈ కంపుకు మల్లికుంట అని పేరెవరు పెట్టారో.

చెత్త తీయడం అతని పనిలో సగం. మిగతా సగం కాపలా. చెరువు అంచున రాయి పేర్చాలన్నా, మట్టి పోయాలన్నా, గోడ లేపాలన్నా అనుమతి కావాలి. లేకుండా ఎవరైనా మొదలుపెడితే మున్సిపల్ ఆఫీసుకు ఫోన్ చేయాలి. ఈ పనిలోకి రాకముందు అతను కొత్తవాడలో జంపఖానాలు నేసేవాడు. కూలి తగ్గిస్తున్నామని సేటు అన్నప్పుడు తలూపాడు. మగ్గం పీకేసి ఆ గది అద్దెకిస్తామన్నప్పుడూ తలూపాడు. "నీకసలు కోపం రాదా?" అని భార్య వినోద అడిగితే నవ్వి ఊరుకునేవాడు.

ఎదుటి ఒడ్డున ఫంక్షన్ హాలు ఉంది. వాళ్లు నీళ్లలోకి గోడ కడుతున్నప్పుడు సదానందం ఫోన్ చేశాడు. ఒడ్డు కోతకు గురికాకుండా కట్టే రక్షణ గోడ అది, అనుమతి ఉంది అన్నారు. గోడ వెనక మట్టి నింపి, పైన బండలు పరిచారు. ఇప్పుడు అక్కడ భోజనాల బల్లలు వేస్తున్నారు. గాలివాన వస్తే అలలు ఆ గోడకు కొట్టుకుని ఇటు, పేదల ఇళ్ల వైపు మళ్లుతాయి. పోయిన వానాకాలం ఒడ్డునే ఇల్లున్న యాకమ్మ స్నానాల గది నీళ్లలోకి జారిపోయింది. వాడకట్టు వాళ్లు తమకూ రాతిగోడ కావాలని అర్జీ పెట్టారు. జవాబు రాలేదు. ఎదురుచూసి, చివరికి సిమెంటు సంచుల్లో మట్టి నింపి ఒడ్డు వెంట వరసగా పేర్చుకున్నారు. వాటి గురించి సదానందం ఫోన్ చేయలేదు.

చెత్త కుప్ప వేస్తుండగా ఇంజనీరు శ్రీలత స్కూటీ దిగింది. కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్ల. మాట్లాడుతూ అతని ముఖం చూడలేదు.

"సదానందం గారూ, రేపు చెరువు చూడడానికి కమిటీ వస్తోంది. ఆ సంచుల మీద కంప్లెయింట్ ఉంది. సాయంత్రంలోగా తీయించండి."

"వానలు పడేటట్టున్నయ్ మేడం. తీస్తె ఇండ్లు జారుతయ్."

"పర్మిషన్ లేకుండా పెట్టారు కదా."

"మరి ఆ గోడ?"

"దానికి ఉంది." ఆమె హెల్మెట్ పట్టీ బిగించుకుంది. "నన్నడగకండి. పైనుంచి వచ్చింది."

అతను తలూపాడు.

ట్రాక్టరు వచ్చింది. ఇద్దరు కూలీలతో కలిసి సదానందం సంచులు లాగాడు. అడుగు సంచులు నల్లగా నానిపోయాయి. పట్టుకుంటే పిగిలి, మురుగు వేళ్ల సందుల్లోంచి కారింది. ఒక జలగ మణికట్టుకు అంటుకుంటే పీకి పారేశాడు.

యాకమ్మ గుమ్మంలో నిలబడి చూసింది. అరుస్తుందనుకున్నాడు. ఆమె చెంబుతో నీళ్లు తెచ్చింది.

"తియ్యి బిడ్డా. నువ్వేం జేస్తవ్, నీకు చెప్పినోళ్లు వేరే ఉన్నరు. జర నీళ్లు తాగి తియ్యి."

చెంబు నోటిదాకా ఎత్తి దించేశాడు. చేతుల వాసన నీళ్లకు పట్టింది. ఆఖరి సంచి లేవగానే ఆమె పెరటి మట్టి పెళ్ల ఒకటి విరిగి నీళ్లలో పడింది. మునగచెట్టు చెరువు వైపు ఒరిగింది.

మధ్యాహ్నం ఫంక్షన్ హాలు మేనేజరు అనిల్ బండి మీద వచ్చి బిర్యానీ పొట్లం చేతికిచ్చాడు.

"మంచి పని చేసినవ్ కాకా. మా స్టేజి ఫొటోలల్ల ఆ సంచులు గలీజుగ పడ్తానయ్. ఎన్నిసార్లు కంప్లెయింట్ పెట్టిన్నో. తిను, వేడిగున్నది."

అనిల్ వెళ్లాక సదానందం కట్ట మీద కూర్చుని పొట్లం విప్పాడు. పొదీన వాసన, నెయ్యి వాసన లేచాయి. ముద్ద కలిపేసరికి వాటిలోంచి మురుగు కంపు వచ్చింది. చెయ్యి కడుక్కున్నాడు. సబ్బు అడిగి తెచ్చుకుని మళ్లీ కడుక్కున్నాడు. కంపు పోలేదు. తన వేళ్లు తనకే ఇంకెవరివో అనిపించాయి. కట్ట కిందికి పోయి కడుపులో ఉన్నదంతా కక్కుకున్నాడు.

తిరిగొచ్చేసరికి డ్రైవరు ట్రాక్టరు స్టార్టు చేస్తున్నాడు.

"ఆపు," అన్నాడు సదానందం.

"ఏమైంది?"

"దింపాలె."

డ్రైవరు అర్థంకాక చూశాడు. సదానందం ట్రాలీ ఎక్కి పై సంచిని భుజాన వేసుకున్నాడు. మురుగు మెడ మీదుగా చొక్కాలోకి కారింది. ఆ సంచిని మునగచెట్టు మొదట్లో దించి, ఇంకోదాని కోసం వచ్చాడు. కూలీలు దూరంగా కూర్చుని బీడీలు ముట్టించారు. కాసేపటికి యాకమ్మ చీర కుచ్చిళ్లు దోపుకుని నీళ్లలోకి దిగింది. పిగిలిన సంచులకు పాత చీరలు చుట్టింది. వాడకట్టు ఆడవాళ్లు ఒక్కొక్కరే వచ్చారు. బీడీలు అయిపోయాక కూలీలు కూడా లేచారు.

శ్రీలత వచ్చేసరికి ఆకాశం నల్లబడింది. ఆమె ఒడ్డు వెంట మళ్లీ పేర్చిన సంచులను చూసింది.

"ఎందుకిలా చేశారు? మిమ్మల్ని పన్లోంచి తీసేస్తారు."

"తీసెయ్యనియ్యుండ్రి మేడం."

"ఇంట్లో ఏం చెప్తారు?"

"ఏదో ఒకటి చెప్త. నా చేతులు జూస్తె నాకే అసయ్యమైతాంది. గీ చేతులతోని అన్నమెట్ల తినాలె?"

ఆమె అతని చేతులు చూసింది. స్కూటీ వైపు నడిచింది. సదానందం ఆఖరి సంచిని కాలితో తొక్కి సర్దాడు. ఎవరికీ చెప్పకుండా, చినుకులు మొదలవుతుండగా, కట్ట మీదుగా కొత్తవాడ వైపు వెళ్లిపోయాడు.

రాత్రంతా వాన పడింది. ఒడ్డు నిలిచింది. కమిటీ వచ్చి, గొడుగుల కింద నిలబడి, సంచుల సంగతి వానలు తగ్గాక చూద్దామని వెళ్లింది. ఆ వారంలోనే కొత్త కాపలాదారు వచ్చాడు. సదానందం మళ్లీ అటు రాలేదు.

నీళ్లలోకి దిగేముందు ఒడ్డున విడిచి, అక్కడే వదిలేసిపోయిన అతని చెప్పులను యాకమ్మ కడిగి తన ఇంటి గోడ మీద ఆరబెట్టింది. ఎడమ చెప్పుకు బొటనవేలు దూర్చే ఉంగటం ఎప్పుడో తెగింది, దాన్ని పిన్నీసుతో పట్టించి ఉంది. ఆ పిన్నీసు చుట్టూ నల్ల మురుగు ఇంకా సన్నగా అంటుకునే ఉంది.