కమాను కింద ఇస్త్రీ బండి

కాలరు మీద నీళ్ళు చల్లి ఇస్త్రీ పెట్టె ఆనించగానే చుయ్‌మని ఆవిరి లేచింది. కాలరు, భుజాలు, చేతులు, తర్వాత వీపు, చివరికి బొత్తాల పట్టీ. ఈ వరస తప్పితే చొక్కా మాట వినదని ఆయన నమ్మకం. మడత వేసి, పైన అరచేత్తో ఒక్కటి చరిచి దొంతరలో పెట్టాడు. ఈలోగా పెట్టెలో బొగ్గులు నీరసపడ్డాయి. మూత తెరిచి, కాగితం ముక్కలు దూర్చి, బుగ్గలు పూరించి ఊదాడు. నల్లటి పొగ గుప్పున లేచి ఎప్పటిలాగే పైకి పోయింది. అది ఎక్కడికి పోతోందో ఆయన ఎన్నడూ తలెత్తి చూసిన పాపాన పోలేదు. ఇస్త్రీ చేసేవాడు పైకి చూస్తూ కూర్చుంటే కింద చొక్కా కాలిపోతుంది.

వీధి వీధంతా ఆయన్ని ఇస్త్రీ అన్న అనే పిలుస్తుంది. బండి నిలిచేది పాత కమాను కింద. ఒకప్పుడు అది దేనికి ద్వారమో ఎవరికీ తెలియదు. తలుపులు పోయాయి, అటూ ఇటూ గోడలు కూలాయి, ఇదొక్కటే మొండిగా నిలబడింది. పెళ్ళైన కొత్తలో ఒక పెద్దవానకు తలదాచుకుందామని బండిని దాని కిందికి తోశాడు. వాన వెలిసింది గానీ బండి కదల్లేదు. కూతురు ఆ బండి కిందే పాకింది, ఆ బండి పట్టుకునే నిలబడింది, ఇప్పుడు పెళ్ళై ఇద్దరు పిల్లల తల్లి. ఆయనకు ఇల్లంటే రాత్రి పడుకునే గది. బతికిందంతా కమాను కిందే.

ఊళ్ళోకి వచ్చే యాత్రికులంతా కోట చూడటానికే వస్తారు. ఈ వీధిలోకి వచ్చేది దారి తప్పినవాళ్ళే. అందుకే కొత్త మొహం కనబడితే చాలు, ఆయన అడక్కముందే దారి చెప్పేస్తాడు.

ఆ పొద్దున కూడా అంతే. వీపున సంచీ తగిలించుకున్న ఒక అమ్మాయి, వెనకే ఆమె స్నేహితులు వచ్చి నిలబడ్డారు.

"కోట అటమ్మా. ఆ మలుపు తిరిగి తిన్నగా పోండి."

"కోట నిన్ననే చూసేశామండీ. ఇవాళ దీని కోసమే వచ్చాం."

దీని కోసమా? ఆయన బట్టల దొంతర వంక చూశాడు. "ఎప్పుడిచ్చారమ్మా? చొక్కాలా, దుప్పట్లా?"

"బట్టలు కాదు బాబాయ్. మీ నెత్తి మీద బొమ్మ."

ఆయన అప్రయత్నంగా నెత్తి తడుముకున్నాడు. అందరూ గొల్లున నవ్వారు. ఎందుకో తెలియకపోయినా ఆయనా నవ్వాడు. తర్వాత వాళ్ళతో పాటు తలెత్తి చూశాడు. కప్పు పెనం అడుగులా నల్లగా ఉంది.

అమ్మాయి నేల మీద వెల్లకిలా పడుకుని ఫోను లైటు పైకి వేసింది. "అందరూ కోట దగ్గరే తోసుకు చస్తారు బాబాయ్. అసలు చూడాల్సినవి ఇలా మూలమూలల్లో ఉంటాయి. వాటిని వెతుక్కుంటూ తిరగడం మాకు సరదా. మా మాస్టారు చిన్నప్పుడు ఇక్కడ పడవ బొమ్మ చూశారట. పడవలో రాణి, రాణి చేతి మీద చిలక. అదిగో, ఆకుపచ్చ! కనిపించిందా?"

నలుపు మధ్య గోరంత పచ్చదనం. ఉందంటే ఉంది, లేదంటే లేదు.

"అయ్యో, ఎంత మసి పట్టిందో! ఈ మసి లేకపోతే ఎంత బాగుండేది!" అంటూ లేచి దుమ్ము దులుపుకుంది. ఎవరినీ తప్పుపట్టినట్టు కాదు, పాపం. "సాయంత్రం మాస్టారిని తీసుకొస్తాం. పాత కట్టడాల ఆఫీసాయన కూడా వస్తారు. దీన్ని కాపాడాలంటున్నారు."

వాళ్ళు వెళ్ళారు గానీ ఆ మాట ఆయన్ని వదల్లేదు. కాపాడటమంటే ఎవరి నుంచి? మసి ఎవరిది? చేతిలోని పెట్టె వంక చూసుకున్నాడు.

మధ్యాహ్నం క్యారేజీ తెచ్చిన భార్యకు అంతా చెప్పాడు. ఆవిడ మూతి తిప్పింది. "కోట పెట్టుకుని మసి చూడ్డమేంటి? పనీ పాటా లేనివాళ్ళు."

"మసి నాదే కదే. మసి ఉంటే మనల్ని లేచి పొమ్మంటారు. లేకపోతే ఏమంటారు?"

లేచి పొమ్మంటే ఎక్కడికి పోవాలో ఇద్దరికీ తెలియదు.

మరకలు తీయడంలో ఆయనది చెయ్యి తిరిగిన పని. సిరా, నూనె, తుప్పు, ఏదైనా సరే, ఆయన దగ్గరికి వచ్చాక పోవాల్సిందే. ఇదీ మరకే కదా. బండి మీద బట్టలన్నీ తీసి, స్టూలు ఎక్కించి, దాని మీదికి తను ఎక్కాడు. ఆవిడ స్టూలు కాళ్ళు పట్టుకుని కింది నుంచి తిట్లు లంకించుకుంది. సబ్బు నీళ్ళలో ముంచిన తువ్వాలుతో కప్పును మెత్తగా, పట్టుబట్టను తుడిచినట్టు తుడిచాడు.

మసి లొంగింది. ముందు నీలం రంగు నీళ్ళు, తర్వాత తెడ్లు, తెడ్లు పట్టిన చేతులు. ఆ పైన పడవ, పడవలో రాణి. రాణి బుగ్గన చిన్న సొట్ట కూడా ఉంది. చాచిన చేతి మీద చిలక, ఇప్పుడే వచ్చి వాలినట్టు. ఆయనకు ఒళ్ళు ఝల్లుమంది. ఇన్నేళ్ళూ ఇంతమంది తన నెత్తి మీద పడవలో పోతున్నారా! తిట్లు ఆగిపోయాయని కాసేపటికి గాని గమనించలేదు. కిందికి చూస్తే భార్య నోరు తెరుచుకుని చూస్తోంది. ఆవిడ మొహంలో అంత వెలుగు ఆయన చాలాకాలానికి చూశాడు. ఎంత సంతోషంగా ఉందో ఆయనకే అర్థం కాలేదు.

"చాలయ్యా. ఇక దిగు," అంది ఆవిడ మెల్లగా.

"సబ్బు ఉండిపోయిందే. జాడించకుండా వదిలేస్తే బొమ్మను తినేస్తుంది."

జీవితంలో ఏ బట్టనూ ఆయన సబ్బుతో వదిలినవాడు కాదు. మంచినీళ్ళు తెప్పించుకుని, తువ్వాలు నిండా ముంచి, కప్పంతా ఒకసారి తడిపాడు. రాణి కదిలింది. కళ్ళు చెదిరాయేమో అనుకున్నాడు. పడవ జారింది. ఏదో పచ్చగా మోచేతి దాకా కారితే, మిగిలిన మసి కాబోలని ఇంకాస్త గట్టిగా తుడిచాడు. తుడిచిన కొద్దీ తెల్లబడింది. కొత్త బట్ట ఏదైనా రంగు వదులుతుందేమోనని ముందు ఒక మూల తడిపి చూసుకోవడం ఆయనకు అలవాటే. గోడకు కూడా ఆ జాగ్రత్త కావాలని తోచలేదు.

సాయంత్రం వాళ్ళు వచ్చేసరికి కమాను కప్పు ఉతికిన దుప్పటిలా ఉంది. ఆఫీసాయన కప్పు వంక చూసి, ఫోనులో వచ్చిన ఆర్డరు చూసుకున్నాడు. అమ్మాయి అక్కడే కూలబడింది.

"మరక పోయింది కదమ్మా," అన్నాడు ఆయన. ఆమె ఎందుకు ఏడుస్తోందో తెలుస్తూనే ఉంది, తెలియనూ లేదు.

అమ్మాయి భుజం పట్టుకుని నడిచొచ్చిన ముసలి మాస్టారు కోప్పడలేదు. దగ్గరికొచ్చి మెల్లగా అడిగాడు. "పోయేముందు కనిపించిందా? మొత్తం?"

"కనిపించిందండీ. కళ్ళారా చూశాం."

"చిలక ఎటు చూస్తోంది? రాణి మొహంలోకా, నీళ్ళ వైపా? చిన్నప్పుడు చూశాను. అదొక్కటే గుర్తుకు రావడం లేదు. చూద్దామనే వచ్చాను."

"రాణి మొహంలోకండీ," అన్నాడు ఆయన వెంటనే.

"కాదు. నీళ్ళ వైపు," అంది భార్య.

భార్యాభర్తలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇద్దరూ పక్కాగా చూశారు. ఇద్దరూ ఒట్టేసి చెప్పగలరు. ఇద్దరూ ఒక మాట మీదికి వస్తారేమోనని మాస్టారు ఎదురుచూసి, అమ్మాయి భుజం మీద చెయ్యి వేసి వెళ్ళిపోయాడు.

"పెద్దాయనా, ఇక్కడ కంచె వేస్తున్నాం. బండి తీసెయ్యి," అన్నాడు ఆఫీసాయన, గొంతు పెంచకుండానే.

"ఇంకేముందని సార్ కంచె?" అంది భార్య.

"ఆర్డరు వచ్చేసిందమ్మా."

పెట్టెలోని బొగ్గులు నేల మీద కుమ్మరించి నీళ్ళు చల్లారు. ఇస్త్రీ అయిన బట్టలు ఒక వైపు, కానివి ఒక వైపు సర్దారు. చక్రాల కింద రాళ్ళు తీస్తే చక్రాలు అప్పటికే నేలలో దిగబడి ఉన్నాయి. ఇద్దరూ కలిసి తోస్తే గాని బండి కదల్లేదు.

"మసే కదే తుడిచాను?"

"మసే తుడిచావు."

"మరి ఆ పిల్ల అలా ఏడ్చిందేం?"

ఆవిడ బండిని ఇంకాస్త బలంగా తోసింది. మలుపు దగ్గర ఆగి, "అయ్యో, తువ్వాలు మర్చిపోయాం," అంది.

"ఉండనీ. ఆ పిల్ల మళ్ళీ వస్తే..." అని, వస్తే ఏమిటో చెప్పలేక, బండిని ముందుకు తోశాడు.

కమాను గోడకు కొట్టిన మేకు మీద తువ్వాలు నీళ్ళోడుతోంది, సగం మసి, సగం నీలం, ఒక మూల పిడికెడు ఆకుపచ్చ.