బొట్టు పెట్టిన గీజర్

నేను ఒక గ్యాస్ గీజర్‌ని. పేరు గొప్పగా ఉంటుంది గానీ చేసేది పొయ్యి పనే. కుళాయి తిప్పగానే నా అడుగున ఉన్న రెండు సెల్లులు టకటకమని నిప్పురవ్వలు కొడతాయి, గ్యాస్ భుగ్గున అంటుకుంటుంది, రాగి గొట్టాల్లో చన్నీళ్ళుగా దూరినవి వేన్నీళ్ళుగా బయటపడతాయి. అంతే నా విద్య. ఛాతీ మీద వేడి ఎంతో చూపించే ఎర్ర అంకెలు కూడా ఉన్నాయి. వాటిని చూసుకుని కొంతకాలం బాగానే మిడిసిపడ్డాను.

ఒక రేకుల షెడ్డులో, నాలాంటి వందలమంది మధ్య పుట్టాను. నన్ను పెట్టెలో పెట్టే ముందు ఒకావిడ నా పొట్ట మీద స్టిక్కర్ అతికించింది. దాని మీద ఎర్ర అక్షరాలు: స్నానాలగదిలో బిగించవద్దు. పొగగొట్టం ఆరుబయటికి పెట్టాలి. గాలి వచ్చే దారి మూయవద్దు. చదువు రానివాళ్ళ కోసం కింద బొమ్మ కూడా వేశారు. చదువు వచ్చినవాళ్ళ కోసం ఏం చెయ్యాలో మాత్రం ఎవరికీ తోచినట్టు లేదు.

ఆదిలాబాద్‌లో చలి మొదలైన వారానికి నేను భూమన్న ఇంటికి చేరాను. భూమన్న బస్సు కండక్టర్‌గా చేసి రిటైరైన మనిషి. ముప్పయ్యేళ్ళు జనాన్ని "ముందుకు జరుగుండ్రి" అన్న అలవాటు వల్ల ఇప్పటికీ ఎవరు ఏం చెప్పినా వినడు, ముందుకు జరగమంటాడు. ఆయన భార్య లస్మవ్వ. వాళ్ళ కూతురు ప్రణీతకు నెలలు నిండాయి. పుట్టబోయే బిడ్డకూ బాలింతకూ కరెంటుతో పని లేకుండా ఎప్పుడంటే అప్పుడు వేన్నీళ్ళు ఉండాలని నన్ను తెచ్చారు. ఇంత మంచి కారణం మీద ఇల్లు చేరిన గీజర్ ఇంకొకటి ఉండదు.

బిగించడానికి ముజీబ్ అనే ఫిట్టర్ వచ్చాడు. పని తెలిసినవాడు. సంచీ దించగానే చెప్పాడు.

"అంకుల్, ఇది బాత్రూంల పెట్టద్దు. బయట గోడకు పెడత. నీళ్ళు పైపుల నుంచి లోపటికొస్తయి."

"బయట పెడితే కోతులు పీకుతయి. లోపట్నే పెట్టు," అన్నాడు భూమన్న.

"అయితే పొగగొట్టం బయటికి తియ్యాలె. గోడకు బొక్క కొట్టాల్సొస్తది."

"మొన్ననే టైల్స్ ఏపిచ్చిన! బొక్క కొడతవా? ముట్టు సూస్త!"

"పోనీ, వెంటిలేటర్ల ఒక అద్దం తీసి అండ్ల నుంచి..."

ఈసారి లస్మవ్వ అడ్డుపడింది. "ఏందీ, అద్దం తీస్తవా? బాలింతకు గాలి తగులుతది పిల్లగా. నీ గీజర్ నువ్వే తీస్కపో."

ముజీబ్ మూడు మాటలు చెప్పాడు. నాలుగోది చెప్పలేదు. ఆ పూట ఇంకా రెండిళ్ళు ఉన్నాయి అతనికి. "మీ ఇష్టం అంకుల్" అని నన్ను టైల్స్ మీద బిగించి, పెరట్లో సిలిండర్ పెట్టి, దాని రబ్బరు గొట్టాన్ని వెంటిలేటర్ సందులోంచి లోపలికి లాగి నాకు తగిలించాడు. నాకు తిండి లోపలికి రావడానికి దారి దొరికింది. ఊపిరి బయటికి పోవడానికి దొరకలేదు. "మీ ఇష్టం" అనే మాటతో మనుషులు ఎన్ని పాపాల్లోంచి చేతులు కడుక్కుంటారో నాకు ఆ రోజే తెలిసింది.

నాతో వచ్చిన పొగగొట్టం వెండిలా మెరిసే అల్యూమినియం ముక్క. అది ఊరికే పోలేదు. పెరట్లో లస్మవ్వ నాటిన కరివేపాకు మొక్కను మేకలు కొరుకుతున్నాయని భూమన్న దాన్ని మొక్కకు తొడిగాడు. మొక్కకు రక్షణ కుదిరింది. ఆ ఇంట్లో నా వల్ల సురక్షితంగా ఉన్న ప్రాణి అదొక్కటే.

ఇక లస్మవ్వ నాకు పూజ చేసింది. కొత్త వస్తువు ఇంటికొస్తే చెయ్యాలి కదా. పసుపు తడిపి, వెడల్పుగా ఎక్కడుందా అని చూసి, నున్నగా ఉన్న ఆ స్టిక్కర్ మీదే అరచేయంత మేర పూసి, మధ్యలో రూపాయి బిళ్ళంత కుంకుమ బొట్టు పెట్టింది. ఎర్ర అక్షరాలు మునిగిపోయాయి. పొగగొట్టం బొమ్మలో చివరి కొస మాత్రం కనిపించేది, దేవుడికి పెట్టిన అగరొత్తిలాగ. నేను అరవలేను. నన్ను దేవుణ్ణి చేశాక ఇక నా మాట వినేదెవరు?

నా మంట సంగతి కాస్త చెప్పాలి. మండాలంటే నాకు గాలి కావాలి. గాలి సరిపడా ఉంటే నీలంగా మండుతాను. మండాక నేను విడిచేదాన్ని మనుషులు పీల్చకూడదు, దాన్ని గొట్టంతో ఇంటి బయటికి పంపాలి. మూసిన గదిలో నాకే గాలి చాలకపోతే మంట పసుపు తిరుగుతుంది, అప్పుడు నేను విడిచేది విషం. దానికి రంగు లేదు, వాసన లేదు, కళ్ళు మండించదు, దగ్గు తెప్పించదు. మర్యాదగా తల బరువెక్కించి నిద్రపుచ్చుతుంది.

ప్రణీతకు ఆడపిల్ల పుట్టింది. తల్లీబిడ్డా ఇంటికొచ్చిన రోజే లస్మవ్వ ఒక పాత నేత చీరను ఉండ చుట్టి, నా రబ్బరు గొట్టం పక్కన మిగిలిన వెంటిలేటర్ సందంతా కూరేసింది. తలుపు కింద గోనెసంచి పరిచింది. బాలింత చెవుల్లో దూది, తలకు మఫ్లరు, కాళ్ళకు చెప్పులు. గాలి అనేది ఆ ఇంట్లో దొంగ. దొరికితే కొట్టేలా ఉన్నారు.

నీళ్ళు పోయడానికి నర్సవ్వ వచ్చేది. ఊళ్ళో సగం మంది పిల్లలకు మొదటి స్నానాలు ఆమె కాళ్ళ మీదే జరిగాయి. పీట మీద కూర్చుని రెండు కాళ్ళు చాపి, బిడ్డను వాటి మీద బోర్లా పడుకోబెట్టి, నూనె రుద్ది, నలుగు పెట్టి, చెంబులతో నీళ్ళు కుమ్మరించేది. ఆమెకు తన చెయ్యంటే మహా గర్వం. ఏ ఇంట్లోనూ ఎవరి సలహా వినేది కాదు. ఆ విషయంలో భూమన్నకు సరిజోడు.

వారం తిరిగేసరికి ఆ ఇంట్లో ఒక ముచ్చట పుట్టింది. ఈ బిడ్డ స్నానం చేయించాక ఏడవదు. ఒళ్ళు తుడిచేలోపే మెడ వాల్చేసి నిద్రపోతుంది. లస్మవ్వ వచ్చినవాళ్ళందరికీ చెప్పేది.

"నర్సవ్వ చెయ్యి పడ్డదంటే సాలు, సప్పుడు జెయ్యకుంట పంటది. గంత మంచి చెయ్యి ఆమెది."

నర్సవ్వ కొంగు సర్దుకుని నవ్వేది. నేను మాత్రం వినలేకపోయేవాణ్ణి. ఆ పొగడ్తలో సగం నాది. అది పొగడ్త కాదు.

ప్రణీతకు స్నానం అయ్యాక తల తిరిగేది, వాంతి వచ్చేలా ఉండేది. బాలింత నీరసం అన్నారు. మర్నాడూ అలాగే ఉంటే దిష్టి అన్నారు. ఎండుమిరపకాయలూ ఉప్పూ తిప్పి నిప్పుల్లో వేశారు, గదంతా ఘాటెక్కింది. దిష్టి పెట్టిన కళ్ళ కోసం ఊరంతా వెతికారు గానీ స్నానాలగదిలో గోడకు వేలాడుతున్న నా వైపు ఒక్కరూ చూడలేదు. చూస్తే మాత్రం? బొట్టు పెట్టుకుని ఉన్నాను కదా.

నాకున్న నోరు ఒక్కటే. ఇరవై నిమిషాలు ఆగకుండా మండితే దానంతటదే ఆరిపోయేలా నన్ను తయారుచేశారు. నేను ఆరిపోవడమంటే "చాలు, తలుపు తియ్యండి" అనడం. మొదటిసారి ఆరినప్పుడు భూమన్న తలుపు బయటి నుంచే ఉపాయం చెప్పాడు. "ఏం గాదు, నల్లా బంద్ జేసి మళ్ళ తిప్పుండ్రి, అంటుకుంటది." అంటుకున్నాను. ఏం చెయ్యను, తిప్పితే అంటుకోవడమే నా పుట్టుక.

అలా ఇరవయ్యొకటో రోజు వచ్చింది. బిడ్డను తొట్టెలలో వేసే పండుగ, అంటే ఉయ్యాల వేడుక. తెల్లారకముందే మొదలుపెట్టి భూమన్న, లస్మవ్వ, అల్లుడు, ఆయన తల్లి, వరసగా అందరూ తలస్నానాలు చేశారు. బయట ఎముకలు కొరికే చలి కాబట్టి ప్రతివాళ్ళూ తలుపు గట్టిగా వేసుకున్నారు. నలుగురి ఆవిరీ, నా ఊపిరీ ఆ చిన్న గదిలోనే ఉండిపోయాయి. అయిదో వంతు బిడ్డది. నర్సవ్వ పట్టుకుని వచ్చింది. మళ్ళీ మళ్ళీ తలుపు తీస్తే గాలి తగులుతుందని ప్రణీతను కూడా అప్పుడే లోపలికి పంపారు. తలకు నూనె పెట్టుకుని మూలన స్టూలు మీద కూర్చుంది. తలుపు పడింది. గోనెసంచి సర్దారు.

నా మంట అప్పటికే నీలం కాదు. నాకు భయం వేసింది. ఇంత భయం నాలో ఉందని ఆ రోజు దాకా నాకే తెలియదు.

నర్సవ్వ బిడ్డకు నలుగు పెట్టింది, నీళ్ళు పోసింది. మధ్యలో రెండుసార్లు కణతలు నొక్కుకుంది. ఆమె ఆ రోజు ఇంకెవరి ఇంటికీ వెళ్ళలేదు, పొద్దున్నే ఇక్కడికే వచ్చింది. ఆ తలనొప్పి ఆమెకు ఈ ఇంట్లోనే వస్తుందని నాకు తెలుసు. రోజూ అలాగే నొక్కుకుని, పొద్దున జొన్న గట్క తాగలేదనో, వయసైపోయిందనో తనకు తానే చెప్పుకునేది.

ఇరవై నిమిషాలయ్యాయి. నేను ఆరిపోయాను.

చన్నీళ్ళు రాగానే నర్సవ్వ కుళాయి కట్టేసింది. నీళ్ళ చప్పుడు లేదు, మంట చప్పుడు లేదు. మూలనుంచి ప్రణీత మాట ముద్దగా వచ్చింది. "తిప్పవ్వా... నల్లా తిప్పు... మళ్ళ అంటుకుంటది..."

నర్సవ్వ చెయ్యి మళ్ళీ కుళాయి దాకా వెళ్ళింది. వెళ్ళి అక్కడే ఆగింది. ఆ నిశ్శబ్దంలో ఆమెకు వినపడాల్సింది ఒకటి వినపడలేదు. కాళ్ళ మీద బిడ్డ ఏడవడం లేదు. చల్లబడుతున్న గదిలో, తడి ఒంటితో, ఇరవయ్యొక్క రోజుల పిల్ల ఏడవడం లేదు. బుగ్గ మీద వేలితో కొట్టింది. అరికాలు గిల్లింది. కదలిక లేదు.

ఎన్ని వందల మంది బిడ్డలు ఆ కాళ్ళ మీద గుక్కపట్టి ఏడ్చారో! ఏడవని బిడ్డ ఈ ఒక్క ఇంట్లోనే. పది రోజులుగా తన చేతి గొప్పతనం అనుకుని మురిసిపోయిన ముచ్చటను ఆమె ఆ క్షణంలో తన చేత్తోనే కింద పారేసింది. నేను చూస్తూనే ఉన్నాను.

"ఇది నా చెయ్యి గాదు," అంది గొణుగుతూ. తర్వాత గట్టిగా, "గది మూసి కుంపటి పెట్టిండ్రు! కుంపటి పెట్టి తలుపులేసుకుంటరా ఎవలన్న!"

ఎర్ర అంకెల గీజర్‌ని, నన్ను పట్టుకుని కుంపటి అంది. ఒప్పుకుంటున్నాను. ఇన్నాళ్ళకు నా అసలు పేరు పెట్టి పిలిచిన మనిషి ఆమె ఒక్కతే.

లేవబోయి తూలింది. గోడ పట్టుకుని లేచి తలుపు గడియ తీసి కాలితో తన్నింది. గాలి ఒక్కసారిగా లోపలికొచ్చింది. బయట బంధువులందరూ గొల్లుమన్నారు.

"ఓయమ్మో, పచ్చి బాలింత! తలుపెయ్యి నర్సవ్వా!"

"నా కన్నతల్లివి, బిడ్డకు గాలి తగుల్తది!"

"తగల్నియ్యి!" అని అరిచింది నర్సవ్వ. "గాలి తగలకనే పోతున్నరు!" తడి బిడ్డను గుండెకు అదుముకుని పెరట్లోకి, ఆ మంచులోకి పరుగెత్తింది. అల్లుడు లోపలికి దూకి స్టూలు మీంచి జారిపోతున్న ప్రణీతను ఎత్తుకొచ్చి అరుగు మీద పడుకోబెట్టాడు. లస్మవ్వ నెత్తి కొట్టుకుంటోంది. భూమన్న జీవితంలో మొదటిసారి ఎవర్నీ ముందుకు జరగమనకుండా నిలబడిపోయాడు.

నర్సవ్వ కరివేపాకు మొక్క పక్కన నిలబడి బిడ్డ వీపు రుద్దుతూనే ఉంది. రుద్దడం ఎంతసేపు సాగిందో లెక్కపెట్టడం నాకు చేతకాలేదు. చివరికి ఒక సన్నటి గురక లాంటిది వచ్చింది, ఆగింది, మళ్ళీ వచ్చింది. ఆ తర్వాత ఆ పిల్ల ఏడ్చిన ఏడుపుకు పక్క వీధి కుక్కలు లేచాయి. పండుగకు పిలిపించిన బ్యాండు మేళం వాళ్ళు ఇంకా రాలేదు. అక్కర్లేకపోయింది.

తల్లీబిడ్డల్ని ఆసుపత్రికి తీసుకెళ్ళి ఆక్సిజన్ పెట్టించారు. డాక్టరమ్మ వాళ్ళను చూశాక అడిగిన మొదటి ప్రశ్న "గీజర్ ఎక్కడుంది?" అని అట. మూడో రోజు ఇద్దరూ నిమ్మళంగా ఇంటికొచ్చారు.

ఆ మధ్యాహ్నమే ముజీబ్ వచ్చాడు. ఈసారి భూమన్న నోరెత్తలేదు. టైల్స్ పగిలినా చూడలేదు. ముజీబ్ నన్ను ఊడదీసి, పెరటి గోడకు, రేకు చూరు కింద బిగించాడు. నా నీళ్ళు గొట్టంలో లోపలికి వెళతాయి, నేను వెళ్ళను. పొగగొట్టం కోసం కరివేపాకు దగ్గరికి వెళ్ళి లాగి చూశాడు. మొక్క గుబురుగా దాని నిండా పెరిగి కొమ్మలు బయటికి పెట్టేసింది, ఊడి రాలేదు. "వద్దులే కొడకా, అది గట్లనే ఉండనియ్యి," అంది లస్మవ్వ. కొత్త గొట్టం తెచ్చి తగిలించాడు. వెళ్ళేముందు తడిగుడ్డతో నా పొట్ట మీది పసుపు తుడిచాడు. భూమన్న కళ్ళద్దాలు పెట్టుకుని వేలితో అక్షరాల కింద గీతలు గీస్తూ స్టిక్కర్ మొత్తం చదివాడు. "మరి గిదంతా ముందుగల్లనే రాసి ఉన్నదా?" అన్నాడు. ముజీబ్ తల దించుకున్నాడు. "నేను నాలుగోసారి చెప్పాల్సుండె అంకుల్," అన్నాడు.

ఇప్పుడు చూరు కింద చలిగాలి తింటూ బయటే ఉంటున్నాను. కోతులు వచ్చాయి, నన్ను పీకలేదు, నా మీద కూర్చుని కరివేపాకు తెంపుకుని పోయాయి. మంట నీలంగా ఉంది. వెంటిలేటర్‌లో చీర లేదు, గాలి ఇటు నుంచి అటు పోతోంది. బాలింతకు ఏమీ కాలేదు.

లస్మవ్వ మాత్రం అప్పుడప్పుడూ వచ్చినవాళ్ళతో అంటుంది, "ఏమో, నర్సవ్వ చేతిల మునుపటి గుణం పోయింది. పొల్ల తానం జేపిస్తే గుక్క పడతది, పంటలేదు." నర్సవ్వ పట్టించుకోదు. కొత్త ఇంటికి ఎవరైనా పిలిస్తే, బిడ్డను చేతిలోకి తీసుకోకముందే అడుగుతుందట, "మీ గీజర్ ఏడున్నది?" అని. చూపిస్తే గానీ పీట వేసుకోదట.

రోజూ పొద్దున్నే గోడకు ఇటువైపు నేను మండుతుంటాను. అటువైపు ఆ పిల్ల గొంతు చించుకుని ఏడుస్తుంది. ఆ ఏడుపు వినపడితేనే నాకు స్థిమితం. ఒక్కోరోజు కాస్త ఆలస్యమైతే, మండుతూనే చెవి గోడకు ఆనించి వింటాను.