అంకన్న ‘ఆ’ అన్నాడు

అంకన్న నోటికి మైకు అక్కరలేదు. కొమరోలు దగ్గర తమ ఊరి గట్టు మీద నిలబడి “హోయ్!” అన్నాడంటే అతని గొర్రెలు మేత వదిలేసి వచ్చేవి. పిలవకపోయినా పక్కవాళ్ళ గొర్రెలూ వచ్చేవి. అంత గొప్ప నోట్లో, ఎడమ బుగ్గలో, పొద్దున లేచింది మొదలు పొగాకు కాపురముండేది. “పొగాకును పోగాకు పోగాకు అని బతిమాలి పెట్టుకున్నాడు” అని భార్య పోలమ్మ దెప్పేది.

ఈమధ్య ఆ బుగ్గకు కారం తగిలితే మంట. ఆ సంగతి అతను గొర్రెలకు కూడా చెప్పలేదు. కారణం బేస్తవారిపేట సుబ్బన్న. ఆయనదీ పెద్ద గొంతే. పుండు ముదిరాక ఆసుపత్రికి పోతే దవడ కోయాల్సి వచ్చింది. ఇప్పుడు ఆయన పిలిస్తే గొర్రెలు తలెత్తి కూడా చూడవు. నోరు తెరిస్తే నోరే పోతుందని అంకన్న తేల్చుకున్నాడు.

ఒకరోజు ఊరి బడిలో నోటి పరీక్షలు పెడితే, పోలమ్మ అంకన్నను వెంటబెట్టుకొచ్చింది. ఆశా కార్యకర్త నాగవేణి చేతిలో లైటు బిగించిన ఫోను. నోరు కనబడితే అదే ఫోటో తీసుకుంటుంది, అనుమానించాల్సిన మచ్చ ఉంటే తెర ఎర్రబడుతుంది.

“ఏఐ అంటారు మామా దీన్ని. సూది లేదు, ఖర్చు లేదు. నోరు తెరిస్తే చాలు.”

“ఏఐనా? నేను ఏయ్ అంటే పలుకుతాదా?”

“నువ్వు ఆ అంటే పలుకుతాది.”

పోలమ్మ అందుకుంది. “పెండ్లయిన కాడి నుంచి నన్ను నోర్మూసుకో అంటివి. ఇప్పుడు తెరవమంటే నువ్వు మూసుకుంటివా!”

జనం నవ్వారు. అంకన్నకు పౌరుషం వచ్చింది. “ముందు దానికి నేను పరీక్ష పెడతా. మీరు ఫోటోలంటే నేను పొట్టేలంటా. నా పొట్టేలు నోరు చూసి ఎన్ని పళ్ళదో చెప్పమను!”

పొట్టేలును లాక్కొచ్చాడు. సంతలో పళ్ళు చూడనిదే గొర్రెను కొననివాడు. పళ్ళు చూసే ముందు పొగాకు ఉమ్మేసి పుక్కిలించడం అతని అలవాటు, బేరంలో మాట తేటగా రావాలి కదా. ఇక్కడా అదే చేసి, పొట్టేలు దవడ పట్టుకున్నాడు.

‘మనిషి నోరు కనిపించడం లేదు. మళ్ళీ ప్రయత్నించండి’ అంది ఫోను.

“లైటు దగ్గరికి పెట్టు పాపా!” అంటూ అంకన్న పొట్టేలు మూతి మీదికి వంగాడు. అతనికి ఇంకో అలవాటుంది. పిల్లలకు ముద్ద పెట్టే తల్లుల్లాగే, ఎదుటి నోరు తెరిపించాలంటే ముందు తన నోరు తెరుస్తాడు. “తెరువురా నాయనా, ఆ... ఆ...”

పొట్టేలు తెరవలేదు. అంకన్న నోరు మాత్రం గుమ్మంలా తెరుచుకుంది. ఫోను టక్కుమంది. తెర ఎర్రబడింది.

జనం పొట్టలు పట్టుకున్నారు. నాగవేణి నవ్వలేదు. “మామా, ఇది పొట్టేలుది కాదు. నీది. బుగ్గలోపల తెల్లమచ్చ ఉండాది.”

తెరిచిన నోరు మూయడం మరిచిపోయాడు అంకన్న. “నన్నూ కోస్తారా పాపా?”

“ఇది అనుమానమే చెప్తాది మామా, ఏందో డాక్టరే తేల్చాల. సుబ్బన్న మామ ముదిరినాక పోయినాడు. నువ్వు ముందే పోతాండావు.”

“పొట్టేలును ఎవరన్నా పట్టుకోండి” అంది పోలమ్మ. “ఈ ముసలి పొట్టేలును నేను పట్టుకుంటా.”

మార్కాపురంలో డాక్టరు బుగ్గలోంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపాడు. ఫలితం వచ్చేదాకా అంకన్న గొర్రెలను సైగలతోనే తోలాడు. చివరికి డాక్టరు చెప్పాడు, “క్యాన్సర్ కాలేదు. కానీ అటే పోతోంది. పొగాకు మానేసి, మళ్ళీ మళ్ళీ వచ్చి చూపించుకోవాలి.”

ఊరి దగ్గర బస్సు దిగిన అంకన్న గట్టు దాకా ఆగలేదు. రోడ్డు మీదే “హోయ్!” అన్నాడు. గొర్రెలు పరిగెత్తుకొచ్చాయి. పక్కవాళ్ళవీ వచ్చాయి. కదిలిన బస్సు కూడా ఆగింది.

“ఎవరెక్కాల?” కండక్టరు తల బయటపెట్టాడు. ఎడమ బుగ్గ ఉబ్బి ఉంది.

అంకన్న చూశాడు. గొర్రెలను వదిలేసి బస్సు మెట్టెక్కాడు.

“అది ఉమ్మేసి, ఏదీ, అన్నా, ఒకసారి ఆ అను” అంటూ ముందు తన నోరే తెరిచాడు.