మూడక్షరాలు మోసిన పలక

నేను ఒక వేపచెక్క పలకను. బడిపిల్లల రాతిపలక అనుకునేరు, కాదు. మూరెడు పొడవు, జానెడు వెడల్పు, పట్టుకోవడానికి ఒక పిడి. పాత ద్వారబంధం కోసి నన్ను చేశారు. రాయచోటిలో అరబ్బీ నేర్పే అబ్దుల్ గని సాహెబు ఒళ్లో ముప్పై ఏళ్లు బతికాను. ఊళ్లో అరబ్బీ గడగడా చదివేవాళ్లు బోలెడుమంది, అర్థం చెప్పేవాడు ఆయనొక్కడే. గల్ఫుకు పోయొచ్చినవాళ్లు ఆ భాష మాట్లాడతారు గానీ, కాగితం చేతికిస్తే తలకిందులుగా పట్టుకుంటారు.

ఆయన నా నెత్తిన మూడక్షరాలు రాసేవాడు. క, త, బ. ఇది వేరు అనేవాడు. దాన్ని ఒక మూసలో పోస్తే కతబ, రాశాడు. ఇంకో మూసలో యక్తుబు, రాస్తాడు. మరోదాంట్లో కుతిబ, రాయబడింది. మురుకుల గొట్టంలో బిళ్ల మార్చినట్టే, పిండి అదే. పాఠంలో మాత్రం అర్థం చచ్చినా తను చెప్పడు. వేరు పట్టుకుని శిష్యులే చెప్పాలి. పాఠం అయ్యాక నన్ను కడిగి, ఆ నీళ్లు ఎవరూ తొక్కకుండా దానిమ్మ పాదులో పోసేవాడు.

సెల్‌ఫోన్లు రాని రోజులవి. దూదేకుల కాశింబి ఎనిమిదో నెల కడుపుతో ఒక అరబ్బీ ఉత్తరం తెచ్చింది. ఆమె భర్త దస్తగిరి గొర్రెలు కాయడానికి ఎడారి దేశం పోయి ఆరు నెలలు. అతన్ని అక్కడికి పంపిన ఏజెంటు ఉత్తరం చూసి, పని గడువు పెంచారు, దాచిపెట్టుకో అన్నాడట. ఆమెకు నమ్మకం కుదరలేదు. అడగడానికి అత్తమామలు లేరు, అన్నదమ్ములు లేరు.

సాహెబు చదివాడు. పైకి కాదు, లోలోపలే. దస్తగిరి వడదెబ్బకు పోయాడు. శవం ఆసుపత్రిలో ఉంది. తొంభై రోజుల్లో ఇంటివాళ్లు అడగకపోతే అక్కడే పూడ్చేస్తారు. ఉత్తరం దారిలోనే ఇరవై రోజులు తినేసింది. ఆయన ఆమె కడుపు వంక చూసి, నేర్చుకో బిడ్డా, నువ్వే చదువుకుందువు అన్నాడు. పిచ్చిది, ఎంత సంబరపడిందో! మొగుడికి జవాబు కూడా అరబ్బీలోనే రాస్తానంది.

చిన్నప్పుడు నేర్చిన అక్షరాలున్నాయి, చురుకైన పిల్ల. రోజూ వచ్చేది. రజఅ, తిరిగొచ్చాడు. యర్జిఉ, తిరిగొస్తాడు. ఆ రెండోది నా మీద అడక్కుండానే పదిసార్లు రాసేది. ముసలాయన సిగ్గు లేకుండా దిద్దేవాడు! అలిమ, తెలుసుకున్నాడు. నడిమి అక్షరం వత్తితే అల్లమ, తెలియజెప్పాడు, నేర్పాడు. అది రాసేటప్పుడు ఆయన కలం ఆగిపోయింది. గడువు ఆయనకు గుర్తులేక కాదు. ఉన్న ప్రాణం ముఖ్యం అనుకున్నాడు. ఆమె బదులు అనుకోమని ఆయనకు ఎవరు చెప్పారో నేనడగలేదు, చెక్కను కదా.

నెల దాటాక ఆడపిల్ల పుట్టింది. బాలింత నలభై రోజులు గడప దాటకూడదు. పచ్చి బాలింతకు ఎలా చెప్పేదని ఆయన ఆ నలభై రోజులూ మింగేశాడు.

ఆ తర్వాత కాశింబి బిడ్డనెత్తుకుని ఉత్తరంతో వచ్చింది. ఒక్కో మాటా వేలితో తడుముతూ పోయి ఒకచోట ఆగింది. ద, ఫ, న. పూడ్చడం. ఆ వేరు ఎవరూ నేర్పక్కర్లేదు. వాళ్ల ఇళ్లలో ఎవరు పోయినా దఫన్ ఎప్పుడు అనే అడుగుతారు. ఆ మూడక్షరాలు నా మీద రాసి ఆయన ముందు పెట్టింది.

"మీకు మొదటి దినమే తెలుసునా సాబూ?"

"తెలుసు బిడ్డా. కానుపు కానీలే అనుకుంటి."

గడువు అడిగింది. ఐదు రోజుల కిందట దాటిపోయిందని చెప్పాడు.

"కడాకు మా ఆయప్ప మొగమన్నా సూడనీకపోతిరే."

ఆమె ఏడవలేదు. బిడ్డను భుజాన వేసుకుని వెళ్లిపోయింది, మళ్లీ ఆ గడప తొక్కలేదు. ఆయన నన్ను కడగలేదు. ఇంకెవరికీ పాఠం చెప్పలేదు. దానిమ్మ ఎండిపోయింది.

రెండేళ్లకు ఆయనా పోయాడు. ఊరంతా కదిలొచ్చి గోరీ తవ్వింది. శవం మీద మట్టి పడకుండా అడ్డం పరిచే చెక్కల్లో జానెడు సందు మిగిలితే, ఇంట్లోంచి నన్ను తెచ్చి మూశారు. రాతవైపు కిందికి పెట్టారు. వచ్చినవాళ్లంతా తలా మూడు పిడికిళ్ల మట్టి వేశారు. దస్తగిరికి ఎవరు వేశారో, ఎవరైనా వేశారో లేదో.

ఆ మూడక్షరాలు ఇప్పుడు ఆయన ముఖానికి ఎదురుగా ఉన్నాయి. వేపచెక్కను కదా, నాకు చెదలు అంత త్వరగా పట్టవు.