గోడ ముందు గుర్రాలు

మేష్టారి కోపమంతా గుర్రాల మీదే. ముప్పై ఒక్క ఏళ్లు చరిత్ర పాఠాలు చెప్పి రిటైరైన ఆయన ఏనాడూ గుర్రమెక్కిన పాపాన పోలేదు, దూరంగా ఒకటి కనబడితే చాలు, రోడ్డు దాటి అవతలి పక్కన నడిచే రకం. అలాంటి మనిషికి ఈ వయసులో గుర్రాల వల్ల మనశ్శాంతి కరువైందంటే ఎవరికైనా నవ్వొస్తుంది. కానీ కారణం వింటే ఆయన పక్షాన ఓ మాట మాట్లాడాలనిపిస్తుంది.

ఆర్నెల్లుగా ఆయన కంప్యూటర్ గేములు తయారుచేసే ఆఫీసులో పనిచేస్తున్నారు. మేడ మీద రెండు గదులు, పది కుర్చీలు, ఎంత లాగినా పూర్తిగా మూతపడని ఒక కిటికీ. అక్కడ తయారవుతున్నది యుద్ధాల గేము: ఊరు కట్టుకోవాలి, సైన్యం పెంచుకోవాలి, పక్కవాడి నగరం లాక్కోవాలి. అందులో చరిత్రకు విరుద్ధంగా ఏముందో చూసి చెప్పడం మేష్టారి ఉద్యోగం. అది ఇప్పించింది ఆయన మేనకోడలు, అక్కడ ప్రోగ్రాములు రాసేది ఆ పిల్లే. ఇక ఆఫీసు యజమాని ఎవరో కాదు, ఒకప్పుడు మేష్టారి క్లాసులో ఆఖరి బెంచీలో కూర్చుని కిటికీలోంచి బయటికి చూస్తూ నాలుగేళ్లు గడిపిన ఘనుడే. ఇప్పుడతనికి నలభై దాటాయి, పొట్ట వచ్చింది, చేతికింద తొమ్మిది మంది ఉన్నారు. అయినా మేష్టారి మనసులో అతని పేరు ఆఖరి బెంచీయే.

ఈ ఆర్నెల్లలో మేష్టారు ఇరవై నోట్లు రాసిచ్చారు. డాళ్ల బరువు గురించి ఒకటి, తాళ్ల వంతెనల గురించి ఒకటి, సైనికులకు చెప్పులున్నాయా లేవా అన్నదాని మీద ఏకంగా మూడు. ఆఖరి బెంచీ ప్రతిదాన్నీ ఎంతో వినయంగా రెండు చేతులతో అందుకుని, చూస్తాను సార్ అని, ప్రింటర్ పక్కనున్న ట్రేలో పెట్టేవాడు. ట్రే నిండింది. గేములో సైనికులు మాత్రం ఒట్టి కాళ్లతోనే తిరుగుతున్నారు.

అన్నిటికన్నా ఆయనకు ఒళ్లు మండించింది గుర్రాలు. గేములో యాభై మంది రౌతులు దౌడు తీస్తూ నగరం దాకా వచ్చి కత్తులతో రాతిగోడను నరకడం మొదలుపెడితే నిమిషంలో గోడ కూలుతుంది. గుర్రాలు ఆ రాళ్ల మీంచి ఎగిరి లోపల పడతాయి. గోడ దగ్గరికెళ్లి గుర్రమేం చేస్తుంది, మహా అయితే వాసన చూస్తుంది అని ఆయన ఇంట్లో భోజనం దగ్గర చిందులు తొక్కారు. ఆ గుర్రాలను కాసేపు కట్టేసి ముందు తినండి అంది భార్య. ఆయన తిన్నారు గానీ కట్టెయ్యలేదు. పదకొండు పేజీల నోటు రాశారు. ఇది కూడా ట్రేలోకి పోతే ఉద్యోగం మానేస్తానని భార్యకు చెప్పేశారు.

పైకి కోపంగానే అన్నారు గానీ లోపలున్నది భయం. అన్నేళ్లు తాను చెప్పిన పాఠాలు ఒక్కరి చెవికైనా ఎక్కాయా అన్న అనుమానం రిటైరైన రోజు నుంచే ఆయనను తొలుస్తోంది. ఈ ఆఫీసులో అది కాస్తా రుజువైపోయేలా ఉంది.

మేనకోడలికి ఆ సంగతి తెలుసు. నోటు ట్రేలోకి పోకముందే ఒక కాపీ తీసుకుని, అందులో ఉన్నదంతా పొల్లుపోకుండా నాలుగు రోజుల్లో గేములోకి ఎక్కించింది. తరవాత యజమాని దగ్గరికెళ్లి బేరం పెట్టింది. గుర్రాలతో మీరు దండెత్తండి, మావయ్య నగరాన్ని కాపాడుకుంటాడు, మీకు విసుగొస్తే మొత్తం నేనే తీసేస్తాను అంది. పోస్టరు మీద ఉన్నదే గుర్రం బొమ్మ, అది గోడ దగ్గర దిక్కులు చూస్తూ నిలబడితే గేము ఎవడు ఆడతాడు అని అతను గొణిగాడు. నోటు చదివారా అని అడిగితే పైపైన చూశానన్నాడు.

గురువారం మధ్యాహ్నం ఎదురెదురుగా రెండు కంప్యూటర్లు పెట్టారు. మిగతా వాళ్లంతా పనులు గాలికొదిలేసి చుట్టూ చేరారు. గేములో ఒక రోజంటే బయట ఒక నిమిషం. మొదలుపెట్టగానే రౌతులు దుమ్ము రేపుకుంటూ వచ్చారు, గోడ ముందుకొచ్చేసరికి గుర్రాలన్నీ కాళ్లు తన్నిపట్టి తలలు పక్కకు తిప్పేశాయి. పైనుంచి బాణాలు పడ్డాయి. రౌతులు వెనక్కి మళ్లారు. గదంతా గొల్లున నవ్వింది.

మేష్టారు కుర్చీలో వెనక్కి వాలి, లేని మీసం మెలేశారు. ఆయన ధీమాకు కారణముంది. చుట్టుపక్కల గడ్డి అయిపోతే గుర్రాల దండు ఒకచోట నిలవలేదు, పదో రోజుకల్లా కదిలి తీరాలి. నగరంలో పన్నెండు రోజుల గింజలున్నాయి. కాబట్టి ఆయన చేయాల్సింది ఊరికే కూర్చోవడమే, పరీక్ష హాళ్లలో ఆ పని మీద ఆయన చెయ్యి బాగా తిరిగింది.

రెండో రోజు ఇంకో రెండుసార్లు గోడకు కొట్టుకున్నాక యజమాని గేము ఆపాడు. నుదురు తుడుచుకుని, ఆ నోటెక్కడ పెట్టానని మేనకోడలిని అడిగాడు. ఆ పిల్ల ట్రే చూపించింది. అతను నోటు తీసి, కుర్చీ కిటికీ వైపు లాక్కుని చదవడం మొదలుపెట్టాడు.

చూపుడువేలు అక్షరాల మీద నడుస్తోంది, పెదాలు కదులుతున్నాయి. నాలుగో పేజీలో అతను చిన్నగా నవ్వాడు. అది నవ్వే చోటేనా అని మేష్టారు గబగబా గుర్తుచేసుకున్నారు; అవును, అక్కడ ఓ చమత్కారం ఇరికించారు. ఏడో పేజీ నుంచి మళ్లీ ఆరుకు వెళ్లాడు. మేష్టారు కుర్చీ అంచుకు జరిగి పేజీలు లెక్కపెట్టుకున్నారు. పది పేజీలయ్యాక యజమాని ఇక ఆగలేక లేచి వచ్చేశాడు.

ఈసారి అతను గోడ జోలికే పోలేదు. గుర్రం బలం గోడ మీద కాదు, దారుల మీద అని తొమ్మిదో పేజీలో ఉంది. రౌతులను నాలుగు భాగాలు చేసి నాలుగు దారుల్లో కాపు పెట్టాడు. నగరానికి వచ్చే ధాన్యం బళ్లు ఒక్కటీ లోపలికి రాలేదు. మేష్టారు ముసిముసిగా నవ్వుకుంటూ పదో రోజు కోసం చూశారు. పదో రోజు వచ్చింది, గుర్రాలు కదల్లేదు. పదకొండో రోజూ అంతే.

"మావయ్యా, నీ గుర్రాలకి నీ నోటు ఎవరైనా చదివి వినిపించాలేమో" అంది మేనకోడలు. నిజానికి ఆ పిల్లకూ ఏమీ అంతుపట్టలేదు.

పన్నెండో రోజు గాదెలు ఊడ్చుకుపోయాయి. పదమూడో రోజు నగరం తలుపులు వాటంతటవే తెరుచుకున్నాయి, రౌతులు తాపీగా నడుచుకుంటూ లోపలికొచ్చారు. మేష్టారు తెల్లమొహం వేశారు. ఈ రూల్సు తీసెయ్యమంటారా అని మేనకోడలు అడిగితే, వాటి మీద చెయ్యి వేస్తే ఊరుకోనన్నాడు యజమాని. తరవాత ఎందుకో లేచి నిలబడ్డాడు, చొక్కా సర్దుకున్నాడు.

"సార్, పదో పేజీలో ఓ తప్పుంది."

చుట్టూ ఉన్నవాళ్లంతా మేష్టారి వైపు తిరిగారు.

"గడ్డి అయిపోతే గుర్రాలు పోతాయని రాశారు. మీ బళ్లన్నీ నేనే పట్టుకున్నాను కదా సార్, దోచిన గింజలు దండుకు పెట్టుకునే వీలు గేములో మొదట్నుంచీ ఉంది, అవే వాటికి పెట్టాను. మీరది లెక్కలోకి తీసుకోలేదు."

మేష్టారు ఆ పేజీ అందుకుని చూశారు. నిజమే, తీసుకోలేదు. ముప్పై ఒక్క ఏళ్లలో ఇది తప్పు సార్ అని ఆయనతో ఒక్కరూ అనలేదు. తప్పు పట్టాలంటే అంతదాకా వినాలి కదా. పోయిన నగరం సంగతి ఆయన మరిచేపోయారు. ఆనందంగా తలెత్తి అతనికేసి చూశారు.

"ఇంత తెలివి అప్పుడు క్లాసులో ఏమైందయ్యా?"

"అప్పుడు విన్లేదు సార్."

మేష్టారు పెన్ను అడిగి తీసుకుని, గడ్డి గురించిన వాక్యం కొట్టేసి, పక్కన ఖాళీలో బళ్ల సంగతి రాశారు. ఇంకా ఏమైనా తప్పులు దొరికాయా అని అడిగారు.

"పదకొండో పేజీ ఇంకా చదవలేదు సార్" అన్నాడు యజమాని. "కూర్చోండి, చదివి చెప్తాను."

మేష్టారు కూర్చున్నారు.